2027 ఆగస్టు 2 గ్రహణం: వెలుతురు ఎంత తగ్గిందో కెమెరాతో కొలవడం ఎలా?

కావలి ఫిజిక్స్:

నమస్కారం. కావలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. 2027 ఆగస్టు 2 సోమవారం వచ్చే సూర్యగ్రహణం ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణంగా ఉంటుంది. మనకు మాత్రం సాయంత్రం పూట పాక్షికం. కళ్లద్దాలు పెట్టుకుని చూసి వదిలేయకుండా, వెలుతురు ఎంత తగ్గిందో పిల్లల చేత కొలిపించి గ్రాఫ్ గీయించాలని ఉంది.

నా దగ్గర 14 బిట్ రా ఫైళ్లు (సెన్సర్ అంకెలను మార్చకుండా దాచేవి) ఇచ్చే కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్, ట్రైపాడ్, టైమర్ రిమోట్ ఉన్నాయి. మేడ మీద తెల్ల చార్ట్ పేపర్ పరిచి, కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో పెట్టి, నిమిషానికొకసారి అది ఎంచుకున్న షట్టర్ స్పీడు రాసుకోవాలని అనుకున్నాను. షట్టర్ ఎంత నెమ్మదిస్తే వెలుతురు అంత తగ్గినట్టు. ఈ లెక్క నిలుస్తుందా? పాక్షికం చిన్నదైతే తేడా అసలు దొరుకుతుందా? మైపాడు గానీ కొత్తపట్నం గానీ బీచ్‌కి తీసుకెళ్తే ఆకాశం బాగా తెరిపిగా ఉంటుందని కూడా ఒక ఆలోచన.


ఒంగోలు ల్యాబ్:

సార్, తేడా దొరుకుతుంది. కానీ ఆటో మోడ్‌లో దొరకదు. ముందు ఎంత తేడా కోసం వెతుకుతున్నామో చూడండి.

పంచాంగాల్లో, యాప్‌లలో ఇచ్చే గ్రహణ పరిమాణం సూర్యుడి వ్యాసంలో ఎంత భాగం కప్పబడిందో చెబుతుంది. వెలుతురుకు కావాల్సింది వైశాల్యం. వ్యాసంలో 0.3 కప్పబడితే వైశాల్యంలో పోయేది దాదాపు 19 శాతమే. 0.5 అయితే 39 శాతం, 0.7 అయితే 62 శాతం. కెమెరా భాషలో స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో అయ్యే మెట్టు. 19 శాతం తగ్గడమంటే స్టాప్‌లో మూడో వంతు కూడా కాదు. మీ కెమెరా షట్టర్ స్పీడు చూపించేదే మూడో వంతు స్టాప్ మెట్లలో. అంటే గ్రహణం మొత్తం ఒక్క మెట్టులో పడిపోతుంది, గ్రాఫ్‌లో ఒక గీత పైకి, ఒక గీత కిందికి.

ఇంకోటి. సాయంత్రం సూర్యుడు కెమెరా వెనక ఉంటాడు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో వెనక నుంచి దూరిన ఎండ నేరుగా మీటర్ మీద పడుతుంది. కెమెరా దాన్ని కూడా సీన్ వెలుతురే అనుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. పిల్లవాడు వెనక నిలబడితే ఒక రీడింగు, పక్కకు జరిగితే ఇంకో రీడింగు.

అందుకని అన్నీ మాన్యువల్‌లో బిగించేయండి. ఐఎస్‌ఓ 100, ఫోకస్ మాన్యువల్, ఫైలు రా. ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, హైలైట్ టోన్ ప్రయారిటీ లాంటి, కెమెరా తనంతట తాను వెలుతురు సర్దేవన్నీ ఆఫ్. మొదటి షాట్ నుంచి చివరి షాట్ దాకా ఏదీ కదపకూడదు. మారాల్సింది ఫైల్లో పిక్సెల్ విలువ ఒక్కటే.

అపర్చర్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. లెన్స్‌ను ఎఫ్ 8, ఎఫ్ 11కి కుదిస్తే ప్రతి షాట్‌కీ బ్లేడ్లు మూసుకుని తెరుచుకుంటాయి, ప్రతిసారీ సరిగ్గా అదే చోట ఆగవు. టైమ్‌ల్యాప్స్‌లు మిణుకుమిణుకుమనేది అందుకే. మనం వెతికే తేడాయే చిన్నది కాబట్టి ఆ మిణుకు మన కొలతను తినేస్తుంది. ఎఫ్ 1.8 దగ్గరే పూర్తిగా తెరిచి ఉంచండి. అప్పుడు ఎండలో తెల్ల బోర్డు పూర్తిగా మాడిపోతుంది కాబట్టి ముందు ఎన్‌డీ 64 ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం) పెట్టండి, అది ఆరు స్టాప్‌లు కోస్తుంది. షట్టర్ 1/125 దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. తిప్పితే నలుపు మారే వేరియబుల్ ఎన్‌డీ మాత్రం వద్దు. అందులో ఉండేవి రెండు పోలరైజర్లు, ఆకాశపు వెలుతురు పోలరైజ్ అయి ఉంటుంది, సూర్యుడు దిగేకొద్దీ అదీ మారుతుంది.

ఎన్‌డీ 64 ఉంది కదా అని ఎవరూ కెమెరాను సూర్యుడి వైపు తిప్పకుండా చూసుకోండి. అది 64లో ఒక వంతు వెలుతురు వదులుతుంది. సూర్యుణ్ని తీసే ఫిల్టర్ వదిలేది లక్షలో ఒక వంతు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఉంటే చూపు పోతుంది. పిల్లలు చూడ్డానికి ఐఎస్‌ఓ 12312-2 ముద్ర ఉన్న కళ్లద్దాలే ఇవ్వండి, ఎక్స్‌రే ఫిల్ములు, సీడీలు వద్దు.


వెలిగొండ నీడ:

పై సెట్టింగులన్నీ ఖాయం చేసుకోండి. నేను బోర్డు గురించి చెబుతాను, ఎందుకంటే ఈ గ్రహణంలో అసలు చిక్కు కెమెరాలో లేదు, సూర్యుడు దిగిపోతుండటంలో ఉంది.

నెల్లూరులో ఆ రోజు సాయంత్రం 4.30కి సూర్యుడి ఎత్తు దాదాపు 29 డిగ్రీలు, 5.30కి 15 డిగ్రీలు. మీరు పేపర్‌ను నేల మీద పరిస్తే ఆ గంటలో గ్రహణం లేకపోయినా వాలు వల్లనే దాని మీద పడే ఎండ సగానికి దగ్గరగా పడిపోతుంది. గాలి పొరల్లో పోయేది అదనం. ఇంత పెద్ద జారుడులో 19 శాతం గుంట ఎక్కడుందో కంటికి ఆనదు.

కాబట్టి బోర్డును నిలబెట్టండి. ఆ సాయంత్రం సూర్యుడు మనకు దాదాపు నిటారుగా దిగుతాడు. 4.30కి పడమర నుంచి ఉత్తరానికి 13 డిగ్రీలు, 5.30కి 15 డిగ్రీలు. పక్కకు జరిగేది గంటకు రెండు డిగ్రీల పైచిలుకే. బోర్డు ముఖం పడమర నుంచి 14 డిగ్రీలు ఉత్తరానికి తిప్పి, నిలువు నుంచి 22 డిగ్రీలు వెనక్కి వాల్చండి. ఆ గంట మొత్తంలో ఎండ బోర్డుకు లంబంగా పడే దిశ నుంచి ఏడెనిమిది డిగ్రీలకు మించి తొలగదు, వాలు వల్ల వచ్చే తేడా ఒక శాతం లోపే. లెక్కల్లోంచి ఒక పెద్ద తలనొప్పి చెక్కపనితోనే పోతుంది.

బోర్డుకు చార్ట్ పేపర్ వద్దు. గాలికి ఊగుతుంది, తేమకు వంకర పోతుంది, మెరుపు ఉంటుంది. రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు గోడలకు వేసే తెల్ల ప్రైమర్ రెండు కోట్లు పూసి, ఆరాక సన్న ఎమెరీ కాగితంతో రుద్దండి. మెరుపు అస్సలు ఉండకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. బోర్డుకు 20 సెంటీమీటర్ల ముందు, దానికి సమాంతరంగా, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు చెక్క పట్టీ ఒకటి నిలువుగా బిగించండి. మ్యాట్ నలుపు పూయండి. దాని నీడ బోర్డు మధ్యలో పడాలి. ఒకే ఫొటోలో మీకు రెండు చోట్లు దొరుకుతాయి: ఎండ తగిలే చోట సూర్యుడి వెలుతురు, ఆకాశపు వెలుతురు రెండూ ఉంటాయి, నీడలో ఆకాశపు వెలుతురు మాత్రమే. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది నేరుగా సూర్యుడి నుంచి వచ్చిందే. కెమెరా బ్లాక్ లెవెల్ (వెలుతురే లేకపోయినా సెన్సర్ ఇచ్చే అంకె) రెండింట్లోనూ ఉంటుంది కనుక అదీ ఈ తీసివేతలో కొట్టుకుపోతుంది.

పట్టీ నిలువుగానే ఎందుకంటే, సూర్యుడు దిగేకొద్దీ నీడ బోర్డు మీద పైకి పాకుతుంది, గంటకు ఐదు సెంటీమీటర్ల దాకా. పట్టీ పొడవుగా ఉంటే అలా పాకినా మీరు కొలిచే చోట నీడ చెదరదు. పక్కకు జరిగేది గంటకు ఒక సెంటీమీటర్ లోపే. నీడ అంచుల్లో మసక రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, అందుకని నీడ మధ్యలో ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కనే కొలవండి.

కెమెరాను బోర్డుకు మీటరు దూరంలో, ఓ పక్కగా పెట్టండి, దాని నీడ బోర్డు మీద పడకుండా. ఫోకస్ కొంచెం చెడగొట్టి ఉంచితే ప్రైమర్ గరుకుదనం లెక్కలోకి రాదు. వ్యూఫైండర్‌కు నల్ల టేపు అంటించండి. తెల్ల యూనిఫాం వేసుకున్న పిల్లలు బోర్డు ముందుకొస్తే వాళ్ల చొక్కాల వెలుతురు నీడ ముక్కలో కనిపిస్తుంది. మూడు మీటర్ల అవతల ముగ్గుతో గీత గీసి, అది దాటొద్దని చెప్పండి.

బీచ్ విషయం. సముద్రం మనకు తూర్పున ఉంది, సూర్యుడు దిగేది పడమర. మైపాడులో నిలబడితే తెరిపిగా ఉండేది వీపు వైపు. ముందువైపు సరుగుడు తోపులుంటాయి. 15 డిగ్రీల ఎత్తులో 12 మీటర్ల చెట్టు నీడ 45 మీటర్లు సాగుతుంది. కావలిలోనే పడమర అడ్డులేని మేడ చూసుకోండి.


కావలి ఫిజిక్స్:

చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. నీడ పట్టీ ఆలోచన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. రెండు సందేహాలు. ఆగస్టులో సాయంత్రాలు ఉదయగిరి వైపు నుంచి మబ్బు లేస్తుంది. పల్చటి మబ్బు వచ్చి పోతే అది గ్రహణం తగ్గుదలా, మబ్బు తగ్గుదలా అని ఎలా తెలుస్తుంది? ఇక, సూర్యుడు దిగడం వల్ల గాలి పొరల్లో పోయే వెలుతురును వేరు చేయడానికి ముందు రోజు అదే టైముకి తీసిన ఫొటోలతో భాగిస్తే చాలా?


వెలిగొండ నీడ:

మబ్బుకు మీ నీడ ముక్కే సాక్షి. గ్రహణంలో ఎండా తగ్గుతుంది, ఆకాశపు వెలుతురూ దాదాపు అదే దామాషాలో తగ్గుతుంది, ఎందుకంటే రెండింటికీ మూలం ఒకటే సూర్యుడు. పల్చటి మబ్బు సూర్యుడి మీదికొస్తే ఎండ ముక్క పడిపోతుంది, నీడ ముక్క మాత్రం పెరుగుతుంది, మబ్బు ఆ వెలుతురును నలుదిక్కులా వెదజల్లుతుంది కాబట్టి. ప్రతి ఫొటోకీ నీడ విలువను ఎండ విలువతో భాగించి ఒక వరుస రాసుకోండి. అది మెల్లగా సాగుతూ ఉంటే మంచి ఫొటోలు. ఉన్నట్టుండి ఎగిరితే ఆ ఫొటో మబ్బుది, పక్కన పడేయండి.

అందుకే నిమిషానికి ఒకటి చాలదు. 15 సెకన్లకొకటి తీయండి. మబ్బుల మధ్య సందులు ఒక్కోసారి అర నిమిషం కూడా ఉండవు, వాటిలో ఒకటి రెండు ఫొటోలైనా దక్కుతాయి. మూడు గంటలకు 720 ఫొటోలు, ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 18 జీబీ. 32 జీబీ కార్డు సరిపోతుంది. లైవ్ వ్యూ ఆపి, ఫొటో తీశాక తెర మీద చూపించడం కూడా ఆపేస్తే బ్యాటరీ నిలుస్తుంది. కెమెరా గడియారాన్ని ఫోన్ టైముతో సెకన్ల దాకా సరిచేయండి.

ముందు రోజుతో భాగించడం గురించి: తప్పేమీ లేదు, కానీ దాని మీదే ఆధారపడొద్దు. ఆగస్టులో ఒక రోజు తేమ, దుమ్ము ఇంకో రోజుకు ఉండవు. సూర్యుడు 20 డిగ్రీలకు దిగాక ఆ తేడా గ్రహణమంత అవుతుంది. అదే రోజు గ్రహణం పట్టకముందు తీసిన ఫొటోలతోనే ఆ రోజు గాలి ఎంత తాగుతోందో కనుక్కోవచ్చు. సూర్యుడి ఎత్తు సైన్‌తో 1ని భాగిస్తే ఎండ ఎంత మందం గాలి దాటి వస్తోందో వస్తుంది. 3 గంటలకు అది 1.3, 4 గంటలకు 1.7, 5 గంటలకు 2.65. అడ్డంగా ఈ అంకె, నిలువుగా నేరు ఎండ విలువకు సహజ సంవర్గమానం వేసి చుక్కలు పెడితే మబ్బులేని రోజున అవి సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖను గ్రహణం వేళలోకి పొడిగించండి. చుక్కలు రేఖకు ఎంత దిగువన ఉన్నాయో అదే చంద్రుడు కాజేసిన వెలుతురు. 19 శాతం పోతే చుక్క 0.21 దిగువన ఉండాలి.

దీనికోసం 3 గంటలకే మొదలుపెట్టాలి. అప్పుడు సూర్యుడి ఎత్తు 50 డిగ్రీలు, బోర్డు లంబం నుంచి 28 డిగ్రీలు తొలగి ఉంటుంది, కాబట్టి ఆ ఫొటోల విలువలను ఆ కోణం కొసైన్‌తో భాగించాకే చుక్క పెట్టండి. 15 డిగ్రీల దిగువన తీసినవి ఈ రేఖలోకి కలపొద్దు, అక్కడ 1 బై సైన్ లెక్కే నిలవదు.


ఒంగోలు ల్యాబ్:

సంవర్గమానం పద్ధతి సరైనదే. కానీ ముందు రోజు ఫొటోలు తీయడం మానొద్దని నా మాట, 1వ తేదీ ఆదివారం ఎటూ ఖాళీయే. గ్రహణం లేని రోజు ఆ రేఖ నిజంగా సరళంగా వస్తోందో లేదో తెలియకుండా గ్రహణం రోజున దాన్ని పొడిగించడం ధైర్యమే అవుతుంది. ఇక్కడ ఒంగోలులో సూర్యుడు దిగేది ఇంచుమించు చీమకుర్తి క్వారీల వైపు. ఆ దిక్కు దుమ్ము సాయంత్రానికి చిక్కబడితే రేఖ చివర్లో వంగుతుంది. ఆ వంపు ముందే చూసి ఉంటే గ్రహణం రోజు దాన్ని చూసి మోసపోరు.

ఫైళ్లలోంచి అంకెలు తీయడం చెబుతాను. జేపీజీ వాడొద్దు. అందులో విలువలు వెలుతురుకు నేరు దామాషాలో ఉండవు. వెలుతురు 255 నుంచి సగమైతే జేపీజీలో విలువ 128 కాదు, దాదాపు 188. 20 శాతం తగ్గితే 231. దాని మీద కెమెరా తన సొంత వంపు కూడా వేస్తుంది. రా ఫైలును డీసీరా ప్రోగ్రాంలో పెద్ద డి, 4, పెద్ద టి ఆప్షన్లతో టిఫ్‌గా మార్చండి, సెన్సర్ ఇచ్చిన అంకెలు మార్పు లేకుండా వస్తాయి. ఇమేజ్‌జే అనే ఫొటో కొలతల ప్రోగ్రాంలో తెరిచి ఎండ ముక్కలో 200 బై 200, నీడ ముక్కలో 200 బై 200 పిక్సెళ్ల చదరం పెట్టి సగటు తీసుకోండి. ఆకుపచ్చ పిక్సెళ్లను మాత్రమే వేరు చేసినా 20,000 మిగులుతాయి, నాయిస్ (పిక్సెల్ అంకెల్లో తడబాటు) గురించి దిగులక్కర్లేదు.

ఉదాహరణకు ఎండ సగటు 9250, నీడ సగటు 3250 అనుకుందాం. నేరు ఎండ 6000. లెన్స్‌కు మూత పెట్టి అదే సెట్టింగులో తీసిన ఫొటోలో 2048 వస్తే ఆకాశపు వాటా 1202, అంటే బోర్డు మీద పడే మొత్తంలో 17 శాతం. ఆ మూత ఫొటోలు ఒక పది తీసి ఉంచుకోండి, మీ కెమెరా అంకె మీకు తెలియాలి.

14 బిట్లలో గరిష్ఠం 16383. కానీ ఆ అంకె దాకా పోనివ్వొద్దు, కొన్ని కెమెరాలు ముందే నిండిపోతాయి. 3 గంటల ఫొటోలో ఎండ ముక్క 11,000 దగ్గర ఉండేలా షట్టర్ బిగించండి. ఆ తర్వాత ఎండ బోర్డుకు లంబంగా వచ్చేకొద్దీ విలువ కాస్త పెరిగినా చోటు మిగిలే ఉంటుంది.

గ్రాఫ్ వచ్చాక పిల్లలు కప్పబడిన వైశాల్యంతో పోల్చినప్పుడు, మొదట్లో వెలుతురు తగ్గుదల లెక్క కంటే కొంచెం తక్కువగా వస్తే కంగారు పడొద్దు. సూర్యబింబం అంచు నడిమి కంటే మసకగా ఉంటుంది. చంద్రుడు ముందు కప్పేది ఆ మసక అంచునే.


తీరం సెన్సర్లు:

కెమెరా ఒక్కటే అయితే బ్యాటరీ జారినా, ట్రైపాడ్‌కు ఎవరి కాలైనా తగిలినా అంతా పోతుంది. పక్కన ఇంకో కొలత ఉంచండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైఫాక్స్ యాప్ వేస్తే లైట్ సెన్సర్ లక్స్ (వెలుతురు కొలమానం) విలువలను టైముతో సహా ఫైల్లో రాస్తుంది. ఐఫోన్‌లో ఆ సెన్సర్‌ను యాప్‌లకు ఇవ్వరు. ఫోన్‌ను అదే బోర్డు అంచుకు, అదే వాలులో కట్టండి. సెన్సర్ మీద తెల్ల కాగితం రెండు మూడు మడతలు అంటించాలి, లేకపోతే నేరు ఎండలో చాలా ఫోన్లు ఒకే గరిష్ఠ అంకె దగ్గర నిలిచిపోతాయి. వేడికి ఫోన్ ఆగిపోకుండా వెనక థర్మోకోల్ ముక్క పెట్టి, తెర వెలుగు పూర్తిగా తగ్గించండి.

ఆర్డుయినో (సెన్సర్లు కలిపే చిన్న కంప్యూటర్ బోర్డు) తెలిసిన పిల్లలుంటే బీహెచ్1750 వెలుతురు సెన్సర్ చవక. దీంట్లోనూ అదే చిక్కు: మామూలుగా అది 54,612 లక్స్ దగ్గర నిండిపోతుంది, నడిఎండ లక్ష లక్స్. దాని కొలత సమయం రిజిస్టర్‌ను 69 నుంచి 31కి తగ్గిస్తే లక్షా 21 వేల దాకా చదువుతుంది. లైబ్రరీ పాత 69 ప్రకారమే లక్స్ లెక్కేస్తుంటే విలువలు సగం కంటే తక్కువగా వస్తాయి, అది సరిచేసుకోండి. పైన సగానికి కోసిన టేబుల్ టెన్నిస్ బంతి బోర్లిస్తే పక్కల నుంచి వచ్చే వెలుతురును కూడా సమంగా తీసుకుంటుంది.

ఇవి నేరు ఎండను, ఆకాశాన్ని వేరు చేయవు. మొత్తాన్నే చెబుతాయి. కెమెరా గ్రాఫ్‌లో ఎగుడుదిగుడు కనిపించినప్పుడు అది బోర్డుదా, మబ్బుదా అని తేల్చుకోవడానికి పనికొస్తాయి.


కావలి ఫిజిక్స్:

చాలా బాగా చెప్పారు. చివరిగా ఒకటి. ఆ రోజు పూర్తిగా మబ్బు పట్టేస్తే పిల్లల శ్రమ వృథా కాకుండా ఏమైనా చేయొచ్చా? గ్రహణమని ఇళ్లలో బయటికి పంపరేమో అన్న అనుమానం కూడా ఉంది.


వెలిగొండ నీడ:

దట్టమైన మబ్బులో ఇంత చిన్న పాక్షికం దొరకదు, ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి. ఆ పూట తీసినవి కూడా దాచండి, నీడకూ ఎండకూ తేడా లేని రోజు ఆ నిష్పత్తి ఎలా ఉంటుందో చూపించడానికి అదే పాఠం. పక్కనే గుంటూరులో 1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సంపూర్ణ గ్రహణాన్ని స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. అదీ ఆగస్టే, అయినా ఆకాశం దారిచ్చింది. కాబట్టి బోర్డు సిద్ధంగా ఉంచండి.

పిల్లలు రాకపోయినా పని ఆగదు. 3 గంటలకు టైమర్ నొక్కితే మనిషి అక్కర్లేదు. ఇంట్లో ఉన్నవాళ్లు కిటికీలోంచి ఫైఫాక్స్ నడపొచ్చు, అయితే ఫోన్ ఆ మూడు గంటలూ కదలకుండా ఉండాలి. లెక్కలు మర్నాడు క్లాసులో అందరూ కలిసి చేస్తారు.

ఈ బోర్డును పారేయకండి. 2031 మే 21న వలయాకార గ్రహణం కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా పోతుంది. మనకు అది మధ్యాహ్నం పూట వచ్చే లోతైన పాక్షికం. సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, గాలి మందం గ్రహణం పొడుగునా పెద్దగా మారదు, రోహిణి కార్తె ముందర ఆకాశం కూడా తెరిపిగా ఉండే కాలం. అప్పుడు బోర్డును నేలకు సమాంతరంగా పరిచి, పట్టీని తూర్పు పడమరలుగా తిప్పి బిగించాలి, ఎందుకంటే ఆ వేళ నీడ పాకేది పడమర నుంచి తూర్పుకి. కెమెరాకు మాత్రం గొడుగు కట్టండి. మే ఎండలో నల్ల కెమెరా గంటలో కాలిపోయేలా వేడెక్కుతుంది, వేడెక్కిన సెన్సర్‌లో నాయిస్ పెరుగుతుంది. ఆ గొడుగు నీడ బోర్డు మీద పడకుండా చూసుకోవాలి. సూర్యుడు నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు కాబట్టి కెమెరాను బోర్డుకు దక్షిణాన, మీటరున్నర దూరంలో, కిందికి వంచి పెడితే ఇబ్బంది ఉండదు.